మంచానికి నాలుగో కొస

కపెర్నహూములో ఒక పక్షవాత రోగిని నలుగురు మంచంతో సహా మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి యేసుప్రభువు ముందుకు దించారు. తాగుడుకు బానిసైన సహోదరుణ్ణి మనమేం చేస్తున్నాం? మానేశానంటే సాక్ష్యం చెప్పిస్తాం, మళ్లీ పడిపోతే ముఖం చాటేస్తాం. చివరికి అతడు మందిరానికే రావడం మానేస్తాడు.

1935లో అమెరికాలోని ఏక్రన్‌లో అదే వ్యసనంతో నలిగిన బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ ఒకరికొకరు తోడై ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను ఆరంభించారు. హైదరాబాద్, విశాఖపట్నంలలోనూ ఆ కూడికలున్నాయి. రుసుము లేదు, తాగుడు మానాలన్న కోరికే అర్హత. విన్నది బయట చెప్పరు.

ఆ గుమ్మం మొదటిసారి తొక్కడమే కష్టం. కూడిక ఎక్కడో, ఎన్నింటికో మనమే కనుక్కుందాం. వెంట వెళ్లి, అయ్యేదాకా బయట కూర్చుందాం. ఏళ్లుగా తాగినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు రావచ్చు. ముందు డాక్టరుకు చూపిద్దాం. ప్రార్థన చేసిన చేతులతోనే మంచానికి ఒక కొస పట్టుకుందాం.