ప్రోగ్రాములో ఒదిగిన ప్రోగ్రాము

సీ భాషలో వ్రాసిన ప్రోగ్రామును కంపైలరు యంత్రభాషలోనికి మార్చివేయును. అది మిక్కిలి వేగముగా నడచును. కాని అందలి సూత్రమొకటి మార్చవలెనన్నను మరల కంపైలు చేయవలసినదే. అందుచేత మారుచుండు భాగమును స్క్రిప్టుగా వ్రాసి, దానిని అమలు జరుపు ఇంటర్‌ప్రెటరును ప్రోగ్రాములోనే ఇముడ్చుదురు. ఇట్టి పనికి పేరుపడిన భాష లువా. బ్రెజిల్ దేశమున, రియో డి జనీరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయములో 1993లో ఇది పుట్టినది. పోర్చుగీసులో ఆ మాటకు చంద్రుడని అర్థము.

సీలో ప్రతి చరరాశి రకమును ముందే నిర్ణయింపబడును. మెమరీని ప్రోగ్రామరే విడుదల చేయవలెను. లువాలో రకము విలువను అంటియుండును; పనికిరాని మెమరీని లువాయే ఊడ్చివేయును. ఇంత భిన్నమైన రెండింటి నడుమ ఇచ్చిపుచ్చుకొనుట ఎట్లు? అందులకొక దొంతి కలదు. దీనినే స్టాక్ అందురు. లువాలోని కూడిక ప్రమేయమును పిలుచుటకు సీ మొదట ఆ ప్రమేయమును, పిమ్మట 7ను, 5ను దొంతిపై పెట్టును. లువా ఆ మూడింటిని తొలగించి 12ను ఉంచును. సీ దానిని చదివి తీసివేయవలెను. మరచుచు పోయినచో దొంతి పెరుగుచునే యుండును. ఫలితము సంఖ్య గాక పదమైనచో మరింత మెలకువ వలయును. దొంతినుండి తీసిన పిమ్మట లువా ఆ పదమును ఊడ్చివేయవచ్చును. సీ చేతిలో వట్టి చిరునామా మిగులును. కావున ముందే నకలు తీసికొనవలెను.

స్క్రిప్టులో తప్పు దొర్లినచో ప్రోగ్రామంతయు కూలవలసినదేనా? అక్కరలేదు. రక్షిత పిలుపుతో పిలిచినచో తప్పు అక్కడనే ఆగి, దాని వివరము దొంతిపై చేరును. అయితే స్క్రిప్టు ఎన్నటికిని ముగియని ఆవృత్తిలో పడినచో ఈ రక్షణ చాలదు; లువా దృష్టిలో అది తప్పే కాదు గదా! ఇన్ని ఆదేశములకొకసారి సీ ప్రమేయమొకటి పిలువబడునట్లు ముందే ఏర్పాటు చేసినచో, అది ఆ పరుగును ఆపగలదు.