చామంతి తోటకు నడిరేయి దీపము

సూర్యరశ్మి ఉచితముగా లభించు మన పల్లెలలో మొక్కలకు ఎల్.ఇ.డి. దీపము లెందులకని పంచాయతీ సభ్యులు ప్రశ్నింపవచ్చును. సమంజసమైన ప్రశ్నయే. ఎండ పుష్కలముగా తగులు తోటలో ఆహారముగా వెలుతురు నిచ్చుటకు దీపములు పెట్టుట వృథా వ్యయము. కాని మొక్క వెలుతురును బట్టి రాత్రి నిడివిని కూడ గుర్తించును. పొగాకుపై పరిశోధించి అమెరికా శాస్త్రజ్ఞులు గార్నర్, అల్లార్డ్ ఈ విషయమును 1920లో వెల్లడించిరి.

చామంతి దీర్ఘరాత్రులలో మొగ్గ తొడుగును. మొక్క ఎదుగక మునుపే మొగ్గ తొడిగినచో కాడ పొట్టిదగును. నడిరేయి 3, 4 గంటలు దీపములు వెలిగించినచో దీర్ఘరాత్రి రెండుగా తెగును; మొక్క పూయక పెరుగుచుండును. తగినంత ఎదిగిన పిదప దీపము లాపినచో మొగ్గలు వచ్చును. ఇందుకు ఎరుపు కాంతి మిక్కిలి పనిచేయును.

10 వాట్ల దీపములు 100 చొప్పున 4 గంటలు వెలిగినచో 4 యూనిట్లు ఖర్చగును. పాత 60 వాట్ల బల్బులైన 24 యూనిట్లు. ముందుగా ఒక మడిలో పరీక్షించి, ఖర్చును రాబడితో సరిచూచుకొనవలెను. తడినేలపై అతుకుల తీగలు ప్రాణాపాయము. అర్హుడైన పనివానిచేతనే అమర్చించవలెను.

సభ్యులు మరియొక సంగతి గమనింపవలెను. పొలము గట్టున పంచాయతీ నిలిపిన వీధిదీపము కూడ రాత్రియంతయు చామంతిపై పడినచో పూత ఆలస్యమగును. దీపమునకు మరుగు కట్టించి వెలుతురును బాటవైపునకే మరల్చినచో, బాటసారికి వెలుగును, రైతునకు పూతయు దక్కును.