కీళ్ల నొప్పులే కదా అనుకుంటే గుండెకు ముప్పు

వరి నాట్ల రోజుల్లో పొద్దు పొడవకముందే పొలానికి పోవలసిన ఆడకూలీలు కొందరికి తెల్లవారి లేవగానే వేళ్లు ముడవవు. జడ అల్లుకోవడానికి, చెంబు ఎత్తడానికి కూడా చేతులు రావు. గంట గడిస్తేగాని కీళ్లు వదలవు. చలిగాలి తగిలిందనో, వయసు మీద పడిందనో సరిపెట్టుకుని, మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగి పనికి పోతున్నారు. ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొచ్చేవారు పల్లెల్లో ఎందరో ఉన్నారు.

ఇది కీళ్లవాతం కావచ్చు. డాక్టర్లు దీనిని రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. ముసలితనంలో మోకాళ్లు అరగడం వేరు, ఇది వేరు. రోగాల నుంచి కాపాడవలసిన శరీర రక్షణశక్తే దారి తప్పి సొంత కీళ్ల మీద పడుతుంది. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాస్తాయి. మగవారికంటే ఆడవారిలో ఈ జబ్బు రెండు మూడు రెట్లు ఎక్కువ.

గుండెకేమిటి సంబంధం?

ఈ వాపు కీళ్లతో ఆగదు. రక్తనాళాల లోపలి పొరను కూడా దెబ్బతీస్తుంది. అక్కడ కొవ్వు పేరుకుని గుండెకు నెత్తురు తీసుకుపోయే నాళాలు ఇరుకవుతాయి. అందువల్ల మిగతావారికంటే వీరికి గుండెజబ్బు ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుందని వైద్యుల అంచనా. గుండె చుట్టూ ఉన్న పొరలో నీరు చేరడం కూడా కద్దు.

కీళ్లు పట్టేసినవారు ఎక్కువ దూరం నడవలేరు. నడక లేనప్పుడు ఆయాసం, ఛాతీనొప్పి త్వరగా బయటపడవు. బయటపడినా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. ముప్పు అక్కడే ఉంది.

బిళ్లలతో బెడద

డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు రోజూ వాడితే గుండెకు, మూత్రపిండాలకు చేటు. స్టిరాయిడ్లు వెంటనే హాయినిస్తాయి గాని, ఏళ్ల తరబడి వాడితే బీపీ, షుగరు పెరుగుతాయి. అలాగని వాటిని ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే. డాక్టరు చెప్పిన ప్రకారం తగ్గించుకోవాలి.

జబ్బును అణిచే మందులు వేరే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. గర్భిణులు వాడరాదు. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి. వాపు అదుపులో ఉంటే గుండెకూ మేలే. చుట్ట, బీడీ ఈ రెండు జబ్బులనూ పెంచుతాయి గనుక వాటిని మానవలసిందే.

ఉదయం కీళ్లు పట్టేయడం, వాపు ఆరు వారాలు దాటినా తగ్గకపోతే పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి. 30 ఏళ్లు దాటినవారికి ఆరోగ్య ఉపకేంద్రాల్లోనే బీపీ, షుగరు పరీక్షలు చేస్తారు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోను చేయాలి. ఇంట్లో కీళ్ల నొప్పులతో బాధపడే తల్లి, అత్త, అక్క ఉంటే ఈ సంగతి వారికి చెప్పడం ఇంటివారి బాధ్యత.