కూరగాయల సాగులో లాభం: ఎవరి కూలి లెక్కలోకి రాలేదు?

చిన్న కమతానికి వరి కన్నా కూరగాయలే లాభమని అధికారులు, పత్రికలు చెప్తుంటాయి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ చుట్టుపక్కల ఊళ్ళోళ్ళకైతే ఇంకా గట్టిగా చెప్తారు: పట్నం పక్కనే ఉంది, పొద్దున కోస్తే పొద్దున్నే పైసలు. ఇది పూర్తిగా అబద్ధం కాదు. కాకపోతే ఏయే ఖర్చులు తీసేశాక మిగిలినదాన్ని లాభం అంటున్నారో ముందు అడగాలి.

కేంద్ర వ్యవసాయ వ్యయ, ధరల కమిషన్ ఖర్చుని ప్రధానంగా మూడు తీర్ల కడుతుంది. విత్తనం, ఎరువు, కూలి, కౌలు వంటి చేతి ఖర్చు ఎ2. ఇంటోళ్ళ శ్రమ విలువ కలిపితే ఎ2+ఎఫ్‌ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సి2.

పది గుంటల్లో పాలకూర వేశారనుకుందాం. ఇవి సర్వే అంకెలు కావు, తీరు తెలియడానికి నేను వేసుకున్నవి. చేతి ఖర్చు 6,000, అమ్మకం 12,000. మిగులు 6,000. లాభమే కదా! కానీ కలుపు తీసి, కోసి, కట్టలు కట్టి, కూర్చుని అమ్మడానికి ఇంటోళ్ళకు 20 రోజులు పట్టింది. రోజుకు 300 కూలి వేస్తే మిగిలింది సున్నా. ఈ పనుల్లో ఎక్కువ ఆడోళ్ళవే. మా అమ్మ చేసిన రోజుల్ని మా ఇంట్ల ఎవరం లెక్కబెట్టలే, యూనివర్సిటీకి వచ్చేదాకా నేనూ లెక్కబెట్టలే.

ఇప్పుడు అదే మడిని భూమి లేని దళిత కుటుంబం కౌలుకు తీసుకుందనుకోండి. కౌలు 1,000 పోతే రోజుకు 250 పడుతుంది. తామే అమ్ముకోలేక దలారికి 9,000కే ఇచ్చేస్తే, అమ్మే 5 రోజులు తగ్గినా, రోజుకు పడేది 133 రూపాయలే. పక్క చేన్లో కూలికి పోయినా ఇంతకన్నా ఎక్కువ వచ్చేది.

మరి దలారికి ఎందుకివ్వాలె? 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైంది దలారిని తప్పించడానికే. సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లు ఈ వైపువే. అక్కడ కూర్చోవాలంటే రైతు గుర్తింపు కార్డు కావాలి, కార్డుకు భూమి కాగితం ఆధారం. నోటి మాట కౌలుకు కాగితం ఎక్కడిది? 2018లో వచ్చిన రైతుబంధు కూడా పట్టాదారులకే అందింది. పండించినామె రోడ్డు పక్కన గంప పెట్టుకుంటే ఆమె రైతు కాదు, ట్రాఫిక్‌కు అడ్డం!

భూమి ఉన్న దళితులకైనా ఉన్నది తక్కువే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, ఎస్సీలది 0.78. బయటి మార్కెట్ సంగతి, వినియోగదారుడు టమాటకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలేనని 2024లో రిజర్వు బ్యాంకు పరిశోధకులే లెక్కగట్టారు. ఆ రైతు కౌలుదారైతే అందులోంచి కౌలు కూడా పోవాలె.

కేరళ 2020లో 16 పంటలకు ఉత్పత్తి ఖర్చుపై 20 శాతం కలిపి కనీస ధర ప్రకటించింది. అట్లాంటిది ఇక్కడా అడగొచ్చు. అడిగే ముందు ఖర్చు మనమే రాసుకోవాలి. ఊళ్ళలో సర్వే చేసే మిత్రులు మామూలు గళ్ళకు తోడు రెండు గళ్ళు పెట్టుకోండి: ఇంట్లో ఎవరు ఎన్ని రోజులు చేసిన్రు, పట్టా ఎవరి పేరు మీద ఉంది.