ఇరవై నిమిషాలు, పదిహేను వందల నొక్కులు

108 అంబులెన్సు నంబరు మనకు 2005 ఆగస్టు 15న వచ్చింది. పర్చూరు దాటాకో, దర్శి దిక్కునో ఉన్న మిరప చేను గట్టుకు ఆ బండి రావడానికి 20 నిమిషాలు పట్టిందనుకుందాం. గుండె ఆగిన మనిషికి ఎవరూ ఛాతీ నొక్కకపోతే, బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తరిగిపోతుంది. బండి సగం దారిలో ఉండగానే ఆశ దాదాపు అడుగంటుతుంది.

పిలిస్తే పలకడు, ఊపిరి లేదు, లేదా ఆగి ఆగి ఎగపోస్తున్నాడు అంటే గుండె ఆగినట్టే లెక్క. ఆ ఎగపోతను ఊపిరనుకుని మోసపోవద్దు. 108కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టండి. మోటారు స్టార్టర్ దగ్గర పడితే కరెంటు తీశాకే ముట్టుకోవాలి. నులక మంచం మీద నొక్కితే మంచమే కుంగుతుంది. పత్తి బోరేల మీదా అంతే. గట్టి నేల మీదకు దించాలి.

పెద్దవాళ్లకు రొమ్ము ఎముక కింది సగంలో, చేయి మీద చేయి వేసి, మోచేతులు వంచకుండా 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి, 6 దాటొద్దు. నిమిషానికి 100 నుంచి 120. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. కంగారులో అందరూ మరిచేది ఇదే. 30 నొక్కులకు 2 ఊపిర్లు. ఊదడం రాకపోతే నొక్కుతూనే ఉండండి. పురుగుమందు తాగినవాళ్లకు మాత్రం నోటితో ఊదొద్దు.

పిల్లల్లో చాలాసార్లు ముందు ఊపిరి ఆగుతుంది, గుండె ఆ తర్వాత. అందుకే వాళ్లకు ఊదడం తప్పనిసరి. సాగర్ కుడి కాలువలోంచి తీసినవాళ్లకూ అంతే. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం కాలం వృథా. ఏడాది దాటిన పిల్లలకు ఒక చేయి చాలు, లోతు సుమారు 5 సెంటీమీటర్లు. ఏడాదిలోపు బిడ్డకు 4. రెండు చేతులతో ఛాతీని చుట్టి, రెండు బొటనవేళ్లతో నొక్కాలి. బిడ్డ ముక్కూ నోరూ కలిపి మన నోటితో మూసి, బుగ్గల్లో పట్టినంత గాలే ఊదాలి. సాయానికి ఇంకొకరుంటే పిల్లలకు 15 నొక్కులకు 2 ఊపిర్లు. మిరప కోత చేతుల ఘాటు బిడ్డ కళ్లకు తగలకుండా చూసుకోండి. కడుక్కుంటూ కూర్చునే టైం ఎలాగూ లేదు.

30కి 2 లెక్కన రెండు నిమిషాలకు 5 విడతలు, 150 నొక్కులు. 20 నిమిషాలకు 1,500. ఎంత కండగలవాడికైనా రెండు నిమిషాలకే లోతు తగ్గిపోతుంది, తనకే తెలియదు. కోత ముఠాలో పదిమంది ఉంటే తలా 150. చేయి మారేటప్పుడు 10 సెకన్లు దాటకూడదు.