పదునొకండవ గంట కూలివాడు

గోదావరికి ఉత్తరమున, మంచిర్యాల చెంతనున్న శ్రీరాంపూర్ సింగరేణి బొగ్గుబావులకు పేరుగన్న ఊరు. ఇచ్చట మనుష్యుని లెక్క మస్టరుతో మొదలగును. వేతనముతో కూడిన సెలవునకై 1952 నాటి గనుల చట్టము భూగర్భమున దిగువానికి ఏటికి 190 హాజరులను, పైన పనిచేయువానికి 240 హాజరులను నిర్ణయించినది. యంత్రములు రాకమునుపు తట్ట, చెమ్మాసు పట్టిన ఫిల్లరునకు నింపిన టబ్బులను బట్టియే కూలి ముట్టెడిది. లెక్కను నిందింపబనిలేదు. లెక్కలేని చోట మొదట మోసపోవువాడు కూలివాడే.

చిక్కు మరియొక చోట నున్నది. ఈ కార్మికుల ఇండ్లలో తరచుగా వినబడు మాట ‘అన్‌ఫిట్’. తండ్రి ఇక పనికి తగడని కొత్తగూడెము ప్రధాన వైద్యశాలలోని మెడికల్ బోర్డు తేల్చినచో, నిబంధనలకు లోబడి వారసునకు కారుణ్య నియామకము లభించును. కావున ఏండ్లతరబడి బావిలోనికి దిగిన మనుష్యుడు తాను పనికిరానివాడనని రుజువగుటకై ఎదురుచూచును. అతనితోపాటు ఇల్లెల్ల ఎదురుచూచును. వార్త వచ్చిననాడు సంతోషమే. మరునాడు అలవాటుచొప్పున ఫస్టు షిఫ్టు వేళకు మెలకువ వచ్చును, పోవలసిన చోటుండదు. ఇప్పుడాతని విలువ ఎంత?

మత్తయి సువార్త ఇరువదవ అధ్యాయమున క్రీస్తు చెప్పిన ద్రాక్షతోట కథ ఈ ఊరివారికి వ్యాఖ్యానము లేకయే అర్థమగును. యజమానుడు ప్రొద్దుననే కొందరిని దినమునకొక దేనారమునకు కుదుర్చుకొనెను. మూడవ గంటకు, ఆరవ గంటకు, తొమ్మిదవ గంటకు పోయి మరికొందరిని పిలిచెను. ప్రొద్దు గ్రుంకుటకు ఒక గంట మాత్రమే మిగిలియుండగా ఇంకను కొందరు నిలిచియుండిరి. ఏల ఊరకున్నారని అడుగగా, తమ్మెవరును పనికి పిలువలేదనిరి. బదిలీ ఫిల్లరుగా, మస్టరు దొరకునో దొరకదోయని బావి మొగదల నిలిచినవానికి ఆ సమాధానములోని బాధ తెలియును. సాయంకాలమున అందరికిని ఒక్కొక్క దేనారమే ముట్టెను. ముందువచ్చినవారు సణిగిరి. తమకు తక్కువ ముట్టెనని కాదు. కడపటివారిని తమతో సమానము చేసెనని వారి ఫిర్యాదు.

యూనియను నాయకుడెవడును ఈ ఫిర్యాదును తేలికగా త్రోసిపుచ్చలేడు. నిజమునకు జీతముల ఒప్పందమునకు ఈ కథ ప్రమాణము కాజాలదు. కాని దేనారమన ఆనాడు కూలివాని దినవేతనము, అనగా ఇంటిల్లిపాదికి ఒకనాటి తిండి. ఒక్క గంటకు తగినంతే కొలిచి ఇచ్చినచో ఆ యింట పొయ్యి రాజదు. యజమానుడు గంటలను విడిచి మనుష్యుని చూచెను. మనుష్యుడు దేవుని పోలికలో సృజింపబడెనని క్రైస్తవులు చెప్పుకొను మాటకు నేనెరిగిన అర్థమిదియే: విలువ పనికంటె ముందు పుట్టినది, పని పోయినను ఉండును.

ఈ మాట ఆచరణకు వచ్చిన తావు ఉత్తర తెలంగాణముననే, నిజామాబాదు చెంత డిచ్‌పల్లిలో కలదు. 1907లో భర్త జార్జి కెర్‌తో మనదేశమునకు వచ్చిన స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్, 1911లో నిజామాబాదున కుష్ఠరోగులకొక చిన్న ఆశ్రయమును నెలకొల్పెను. చోటు చాలలేదు. రాజా నర్సాగౌడ్ అను హిందూ దాత ధనమిచ్చెను. 1915లో డిచ్‌పల్లి వైద్యశాల వెలసినది. అప్పటికి చేతనున్నది చాల్‌మూగ్రా నూనె వంటి మందే. రోగమును నిజముగా లొంగదీసిన సల్ఫోను మందులు 1940 దశకమునగాని రాలేదు. రోగి బాగై తిరిగి పనికివచ్చునను లెక్కతో మొదలైన సేవ కాదది. ఇల్లు, ఊరు వెలివేసినవానికి ఒక మంచము, గాయమునకు కట్టు, పేరుపెట్టి పిలుచువారు దొరకిరి.

క్రైస్తవ సంఘములు ఎల్లయెడల ఇట్లే నడచినవనుట సాహసము. కులమును బట్టి సమాధిస్థలములను వేరుచేసిన సంఘములు తమిళనాట కలవు. వారును ఈ అధ్యాయమునే చదువుకొనిరి!

1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకము పని మానిన కార్మికునికి కొంత ఆధారమైనది. జీతము తెచ్చుచున్న కొడుకు ఇంటి సంగతి తండ్రినడుగునో అడుగడో ఏ పథకమును నిర్ణయింపజాలదు. ఆదివారమున ఈ ద్రాక్షతోట కథను చదువునపుడు, వెనుక బల్లపై కూర్చున్న ‘అన్‌ఫిట్’ కార్మికుడు ఎవరి పక్షమున వినును? జీవితమెల్ల ఎండనక చీకటియనక చాకిరి చేసినవాడు గనుక ప్రొద్దుననే వచ్చినవారితో కలిసి సణుగవచ్చును. నేడు పనికి పిలుచువారు లేక నిలిచినవాడు గనుక కడపటి గంటవారి నడుమను నిలువవచ్చును.