పసిబిడ్డకు కావలసినది నిద్ర, మత్తు కాదు

చరకాచార్యులు ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యములను దేహమునకు మూడు ఉపస్తంభములుగా చెప్పినారు. ఏడాది నుండి రెండేండ్ల వయసు బిడ్డకు పగటి కునుకుతో కలిపి 11 నుండి 14 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

చాపాడు, ప్రొద్దుటూరు ప్రాంతపు తల్లులు కొందరు, 'బిడ్డ నడిరేయి లేచి ఏడ్చుచున్నాడు, నిద్రకు మందీయండి' అని అడుగుదురు. నల్లమందు, గసగసాలు నూరిన పాలు, దగ్గుమందు, పెద్దల నిద్రమాత్ర – ఏదియు ఈయరాదు. వీనివలన కలుగునది మత్తు. పసివానికి శ్వాస మందగించి ప్రాణాపాయము కలుగవచ్చును. జాజికాయ సైతము మోతాదు మించిన విషమే.

సాయంకాలము గోరువెచ్చని నువ్వులనూనెతో వీపు, అరికాళ్ళు మృదువుగా మర్దించి స్నానము చేయించవలెను. దీపాలు పెట్టిన వేళకే పప్పు, నెయ్యి కలిపిన మెత్తని అన్నము పెట్టవలెను. పడకకు గంట ముందే టీవీ, సెల్‌ఫోను కట్టివేయవలెను. ప్రతిదినము ఒకే వేళకు, ఒకే చోట జోలపాట పాడవలెను. సాయంత్రము 4 గంటలు దాటిన పిదప కునుకు వలదు. వేసవిలో పగలంతా కాగిన మిద్దె క్రింద గాక, గాలి యాడు చోట దోమతెర కట్టి, పలుచని నూలుబట్టలతో పరుండబెట్టవలెను. రాత్రి మేల్కొన్నచో దీపము వెలిగించక, మెల్లగా వీపు నిమిరిన చాలును. ఈ క్రమమును ఓర్పుతో రెండు వారములు పాటించి చూడుడు.

గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుట, చెవిపోటు, జ్వరము, నులిపురుగుల వలన ఆసనము వద్ద దురద ఉన్నచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. కారణము తొలగిన నిద్ర తానై వచ్చును.